హేలేజ్ కట్టలు: చిన్న పొలంలో గడ్డిని కోసి, వాడబెట్టి, గాలి చొరకుండా చుట్టడం ఎలా?

దీపావళి దాటి, వానాకాలం వరి కోతలు ముగిసే రోజుల్లో హన్మకొండ, జనగామ, హుజూరాబాద్ వైపు పాడి రైతులు ప్రతి ఏడూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ఇంట్లో రెండు మూడు బర్రెలే ఉన్నాయి, పాతర తవ్వి నింపేంత గడ్డి లేదు, ఎండబెడితే ఆకు పొడిపొడిగా రాలిపోతోంది, మరి ఇప్పుడు పచ్చగా ఉన్న ఈ గడ్డిని ఏప్రిల్, మే నెలలకు ఎట్లా దాచుకోవాలి? ఆ రెండు నెలలూ వరిగడ్డి మీదే నెట్టుకొస్తే పాలు సగానికి పడిపోతాయని అడిగే ప్రతి రైతుకూ తెలుసు. వారికి నేను చెప్పే దారి హేలేజ్.

కోసిన పచ్చగడ్డిని సగం వరకు వాడబెట్టి, గట్టిగా కట్ట కట్టి, ప్లాస్టిక్ పొరలతో గాలి చొరకుండా చుట్టి మాగబెడితే అది హేలేజ్ అవుతుంది. పాతర గడ్డిలో (సైలేజ్‌లో) నీరు 65-70 శాతం ఉంటుంది, వాములో వేసే ఎండు గడ్డిలో 15 శాతం లోపే ఉండాలి, హేలేజ్ ఈ రెంటికీ నడుమ 45-55 శాతం దగ్గర ఉంటుంది. నీరు తక్కువ కాబట్టి ఇందులో పాతర గడ్డిలో పుట్టినంత పులుపు పుట్టదు. అందువల్ల దీన్ని బూజు నుంచి కాపాడేది ముఖ్యంగా ఆ ప్లాస్టిక్ పొరే. దానికి చిల్లు పడిందంటే కట్ట పాడైనట్లే.

పని మొదలుపెట్టే ముందు ఒక్క నియమం గట్టిగా పట్టుకోండి: సాయంత్రానికి ఎన్ని కట్టలు చుట్టగలరో లెక్కవేసి, ఉదయం అంత గడ్డే కోయండి. నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఈ లెక్క తప్పడం వల్ల జరిగినవే.

ఎంత గడ్డి, ఎన్ని కట్టలు?

ఒక పాడి బర్రెకు రోజుకు 10 కిలోల హేలేజ్, దానితో పాటు కొంత వరిగడ్డి, దాణా పెడతారనుకుందాం. రెండు బర్రెలకు 90 రోజులకు 1,800 కిలోలు కావాలి. చిరిగిపోయేవి, బూజు పట్టేవి కలుపుకొని 2,000 కిలోలు అనుకుంటే, 50 కిలోల కట్టలు 40 చేయాలి. అందుకు దాదాపు 5 టన్నుల పచ్చగడ్డి పడుతుంది. నీళ్లు బాగా అందిన, పలుమార్లు కోసే జొన్న అయితే అర ఎకరం నుంచి ముప్పావు ఎకరంలో ఒక కోతకే అంత రావచ్చు. మొత్తాన్ని ఒకే రోజు చేయాలని పట్టుబట్టకండి. రోజుకు 10 కట్టల చొప్పున నాలుగు రోజులు చేస్తే ఇంటి మనుషులతోనే పని నడుస్తుంది.

కావలసినవి

గడ్డి: సన్నని కాడ, ఎక్కువ ఆకు ఉన్నదే హేలేజ్‌కు తగినది. పలుమార్లు కోసే జొన్న, గినీ గడ్డి, ఓట్స్, లూసర్న్, అలసంద కలిపి విత్తిన జొన్న బాగా పనికొస్తాయి. హేలేజ్ కోసమే జొన్న వేసేవారు కాస్త ఒత్తుగా విత్తితే కాడలు సన్నగా వస్తాయి. సూపర్ నేపియర్ ముదిరితే కాడ బొంగులా తయారై లోపలి నీరు ఆరదు, పైగా దాని మొనలు ప్లాస్టిక్‌ను పొడుస్తాయి. నేపియర్ మాత్రమే ఉన్నవారు చివర చెప్పిన సంచుల పద్ధతి చూడండి.

యంత్రాలు: కోయడానికి కొడవళ్లు, బ్రష్ కట్టర్ లేదా ట్రాక్టర్ మోవర్. కట్టడానికి వరిగడ్డి చుట్టలు కట్టే చిన్న రౌండ్ బేలర్ సరిపోతుంది, ఇది ఇప్పుడు చాలా మండలాల్లో కిరాయికి దొరుకుతోంది. చుట్టడానికి ర్యాపర్ యంత్రం. ర్యాపర్ దొరకడమే కష్టం కాబట్టి, అది ఏ రోజు ఏ వేళకు వస్తుందో ఖాయం చేసుకున్నాకే కోత తేదీ పెట్టుకోండి.

ఫిల్మ్: సైలేజ్ కట్టల కోసం తయారైన, ఎండకు తట్టుకునే 25 మైక్రాన్ల సాగే ఫిల్మ్ కొనండి. తెలుపు రంగుది తీసుకుంటే మన ఎండకు తక్కువ వేడెక్కుతుంది. దుకాణాల్లో సామాన్లు చుట్టే పారదర్శక ఫిల్మ్ చూడటానికి ఇలాగే ఉండి చవకగా దొరుకుతుంది, కానీ ఎండలో పెట్టిన కొన్ని వారాలకే పెళుసుబారి పగిలిపోతుంది.

మిగిలినవి: కట్ట కట్టడానికి వల లేదా ప్లాస్టిక్ పురికొస (నూనె పూసిన నార పురికొస ఫిల్మ్‌ను తినేస్తుంది), వంటింటి ఎలక్ట్రానిక్ తూకం, 10 కిలోలు తూగే కాటా, పాత షేడ్‌నెట్ ముక్క, చిల్లులు అతికించే సైలేజ్ టేపు.

పని క్రమం

1. కోత దశ చూసుకోండి. జొన్నను పొలంలో సగం మొక్కలు పూతకు వచ్చినప్పుడు, ఓట్స్‌ను కూడా ఆ దశలోనే, లూసర్న్‌ను పదింట ఒక మొక్క పూసినప్పుడు, గినీ గడ్డిని 40-45 రోజులకు కోయాలి. గడ్డి ఎక్కువ వస్తుందని ఇంకో రెండు వారాలు ఆగేవారు బరువు సంపాదిస్తారు గాని మేత విలువ పోగొట్టుకుంటారు.

హెచ్చరిక: లేత జొన్నలో, నీటి ఎద్దడికి వాడిన జొన్నలో, కోశాక వచ్చిన కొత్త పిలకల్లో నాము అనే విషం ఉంటుంది. మాగితే ఆ విషం తగ్గుతుంది, కానీ దాన్ని నమ్ముకొని పూతకు ముందే కోయకండి.

2. వాతావరణం చూసి రోజు ఎంచుకోండి. మన ప్రాంతంలో నవంబరు నడిమి నుంచి ఫిబ్రవరి వరకు ఆకాశం తేటగా ఉండి ఈ పనికి అనువుగా ఉంటుంది. వరుసగా రెండు రోజులు వాన సూచన లేకపోవడం చాలు. ఉదయం మంచు ఆరాక, 9 గంటల ప్రాంతంలో కోత మొదలుపెట్టండి. మంచుతో తడిసిన గడ్డిని కోసి కుప్ప వేస్తే ఆ తడి మధ్యాహ్నం దాకా వదలదు.

3. నేలకు 4-6 అంగుళాల ఎత్తులో కోయండి. మొదలంటా కోసి మరో రెండు కిలోలు సంపాదించాలనే ఆశ ఈ పనిలో చాలా ఖరీదైనది. మట్టి, పేడ గడ్డితో కలిస్తే కట్ట లోపల చెడ్డ సూక్ష్మజీవులు పెరిగి మురిగిన వెన్న వాసన వస్తుంది. ఎలుకల బొరియలు, చీమల పుట్టలు ఉన్న చోట్లు వదిలేసి కోయండి. కోతకు ముందు పొలమంతా ఒకసారి తిరిగి రాళ్లు, తీగ ముక్కలు, వయ్యారిభామ మొక్కలు ఏరివేయండి.

4. గడ్డిని పలుచగా పరచి వాడబెట్టండి. కోసిన వెంటనే పరచాలి, మందం జానెడు దాటకూడదు. రెండు గంటలకొకసారి పంగల కర్రతో తిరగేయాలి. చలికాలపు ఎండకు సన్న గడ్డి ఆ రోజు సాయంత్రానికో, మరునాడు మధ్యాహ్నానికో సిద్ధమవుతుంది. మార్చి ఎండకు నాలుగైదు గంటలు చాలవచ్చు. లూసర్న్, అలసంద ఆకు త్వరగా రాలుతుంది కాబట్టి వాటిని ఒక్కసారే, మెల్లగా తిరగేయండి.

5. తేమను కొలవండి. అనుభవం ఉన్నవారు కూడా ఈ అడుగు దగ్గరే పొరబడుతున్నారు కాబట్టి దీన్ని కాస్త విడమరచి చెబుతాను. పైన ఆకు గరగరలాడుతుంటే గడ్డి ఆరిందనిపిస్తుంది, కానీ కాడను విరిచి గోటితో నొక్కితే నీరు ఊరుతుంది. చేతి అంచనా కన్నా తూకాన్ని నమ్మండి.

కోతకు ముందు రోజు అదే పొలంలోని గడ్డి ఒక గుప్పెడు తెచ్చి, సన్నగా తరిగి, సరిగ్గా 100 గ్రాములు తూచండి. ఇనుప పెనం మీద సన్న సెగన, మాడకుండా కలుపుతూ వేయించండి. పది నిమిషాల తేడాతో రెండుసార్లు తూచినా బరువు మారకపోతే నీరంతా పోయినట్లే. మిగిలినది 22 గ్రాములు అనుకుందాం. దాన్ని రెండింతలు చేస్తే 44. అంటే కోసిన గడ్డి బరువు 100 కిలోల నుంచి 44 కిలోలకు దిగినప్పుడు అందులో సగం నీరు, సగం మేత ఉంటాయి.

కోత రోజున అప్పుడే కోసిన గడ్డి 10 కిలోలు తూచి, షేడ్‌నెట్ ముక్క మీద చుట్టూ ఉన్న గడ్డి అంత మందంలోనే పరచి, మిగతా గడ్డితో పాటే తిరగేస్తూ ఉండండి. నెట్‌తో సహా ఎత్తి కాటాకు తగిలించి, నెట్ బరువు తీసేసి చూడండి. ఈ లెక్కన 4.4 కిలోలకు దిగితే 50 శాతం తేమ. 4.9 కిలోల దగ్గర మొదలుపెట్టి, 4.0 కిలోలకు దిగకముందే కట్టడం ముగించాలి. బేలర్ పని చేస్తున్నంత సేపు గడ్డి ఇంకా ఆరుతూనే ఉంటుంది కనుక, కాస్త ముందుగా మొదలుపెట్టడమే మంచిది. నెట్ బదులు టార్పాలిన్ వాడకండి, తడి నేల మీది గడ్డి కన్నా దాని మీది గడ్డి త్వరగా ఆరి లెక్క తప్పుతుంది.

తూకం వీలుకాని చోట చేతి పరీక్ష చేయండి. సన్నగా తరిగిన గడ్డిని పిడికిట అర నిమిషం గట్టిగా నొక్కి వదలండి. వేళ్ల నడుమ నీరు కారితే చాలా పచ్చిగా ఉన్నట్లు. ముద్ద అలాగే నిలిచినా, మెల్లగా విచ్చుకున్నా ఇంకా ఆరాలి. ముద్ద వెంటనే విడిపోయి, అరచేతికి చల్లదనం మాత్రం తగిలితే హేలేజ్‌కు దగ్గరపడినట్లు.

ఆరబెడుతుండగా వాన వచ్చేలా ఉంటే గడ్డిని పొలంలోనే కుప్ప వేసి కప్పకండి, ఆ కుప్ప రాత్రికే వేడెక్కుతుంది. షెడ్డులో పలుచగా పరచండి, లేదా అప్పటికే తరిగి సంచుల్లో తొక్కి పాతర గడ్డిగా మార్చుకోండి.

6. గట్టిగా కట్ట కట్టండి. బేలర్ వెడల్పుకు సరిపడేలా గడ్డిని ఒకే మందంలో వరుసలు తోయండి. తోసేటప్పుడు చచ్చిన ఎలుక, పాము కనిపిస్తే ఆ చుట్టుపక్కల గడ్డినంతా తీసి పారేయండి. కళేబరం కలిసిన కట్ట నుంచి బాట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు పశువుకు రావచ్చు. ట్రాక్టర్‌ను వరిగడ్డికి నడిపే వేగం కన్నా నెమ్మదిగా నడపమని డ్రైవర్‌కు ముందే చెప్పండి. బేలర్ లోపలి గది పూర్తిగా నిండి, బిగిసిన తరువాతే కట్ట వదలాలి. వరిగడ్డి కట్ట 20 కిలోల దగ్గర ఉండే చిన్న బేలర్‌లో వాడబెట్టిన గడ్డి కట్ట 40-60 కిలోలు తూగుతుంది. పురికొస చుట్లు మామూలు కన్నా ఎక్కువ వేయించండి.

కట్ట గట్టిదనం చూడటానికి బొటనవేలితో పక్కన నొక్కండి. వేలు కణుపు దాటి లోపలికి దిగితే ఆ కట్టలో గాలి ఎక్కువ ఉంది. అలాంటి వాటిని చుట్టకుండా ఆ వారమే పశువులకు వేసేయండి.

హెచ్చరిక: బేలర్‌లో గడ్డి ఇరుక్కుంటే ట్రాక్టర్ ఇంజన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకున్నాకే చెయ్యి పెట్టాలి. తిరిగే షాఫ్ట్ దగ్గర పంచె, తువ్వాలు, చీర కొంగు వేలాడకూడదు. ఈ మాట పనివాళ్లందరికీ ఉదయమే చెప్పండి.

7. రెండు మూడు గంటల్లోపు చుట్టండి. చల్లని దేశాల్లో 24 గంటల గడువు చెబుతారు, మన వేడికి అంత ఆగకూడదు. నా మొదటి ఏడు నేను ఎకరం గడ్డి ఒకేసారి కోయించాను. సాయంత్రం వస్తుందన్న ర్యాపర్ మరునాడు మధ్యాహ్నానికి వచ్చింది. అప్పటికి కట్ట మధ్యలో చెయ్యి పెడితే కాలింది, అయినా పారేయలేక చుట్టించాను. ఏప్రిల్‌లో విప్పితే గడ్డి ముదురు గోధుమ రంగులో పొగాకు వాసన కొట్టింది. బర్రెలు ఇష్టంగానే తిన్నాయి, పాలు మాత్రం తగ్గాయి. వేడికి అందులోని మాంసకృత్తులు అరగని రూపంలోకి మారిపోతాయని అప్పుడు అర్థమైంది. కాబట్టి పశువు తింటోంది కదా అని మేత బాగున్నట్లు అనుకోకండి.

చుట్టే తీరు ఇది. ఒక కట్టను ర్యాపర్ మీద ఎక్కించి, ప్రతి చుట్టూ ముందు చుట్టులో సగాన్ని కప్పేలా సరిచూసి, ఎన్ని తిప్పులకు కట్ట పూర్తిగా కనబడకుండా పోతుందో లెక్కపెట్టండి. ఆ అంకెకు ఒకటి కలిపి 3తో గుణించండి. 7 తిప్పులకు కప్పితే, 8ని 3తో గుణించి 24 తిప్పులు తిప్పాలి. అప్పుడు అన్ని చోట్లా 6 పొరలు పడతాయి. నాలుగు పొరలు చాలని కొందరు చెబుతారు, కానీ జొన్న కాడలకూ మన ఎండకూ 6 కన్నా తగ్గించవద్దు. చేతితో చుట్టేవారు సమానంగా సాగదీయలేరు కాబట్టి 8 పొరలు వేయండి.

ఫిల్మ్ సరిగ్గా సాగుతోందో లేదో చూడాలంటే, రోలు మీద 10 సెంటీమీటర్ల దూరంలో రెండు గీతలు గీయండి. అవి కట్ట మీదికి వచ్చేసరికి 16-17 సెంటీమీటర్ల దూరం కావాలి. అర మీటరు వెడల్పు ఫిల్మ్ కట్ట మీద 40 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. బాగా తక్కువైతే ఎక్కువ సాగి పలచబడినట్లు, తగ్గకపోతే వదులుగా చుట్టుకుంటున్నట్లు. ఎండలో ఉంచిన రోలు మెత్తబడి ఎక్కువ సాగుతుంది, కనుక రోళ్లను నీడలోనే ఉంచండి. వాన చినుకుల్లో చుట్టకండి, తడిసిన పొరలు ఒకదానికొకటి అంటుకోవు.

8. వెంటనే నిల్వ చోటికి చేర్చండి. వీలైతే నిల్వ చోటనే చుట్టడం అన్నిటికన్నా మంచిది. చుట్టిన కట్టను దొర్లించకూడదు, పురికొస పట్టి లాగకూడదు, ఇద్దరు కింద చేతులు పెట్టి ఎత్తాలి. పొరలు ఎక్కువ పడే చదును ముఖం నేలకు ఉండేలా నిలబెట్టండి. కింద మొరం చదును చేసి, పైన ఇసుక లేదా పాత టార్పాలిన్ వేయండి. వరికొయ్యల మీద పెడితే అవి సూదుల్లా పొడుస్తాయి. ఒకదానిపై ఒకటి రెండు వరుసలకు మించి పేర్చవద్దు.

కోతుల బెడద లేని ఊరు మన వైపు తక్కువ. అవి ఒక్క పూటలో పది కట్టలు చీరేయగలవు. రేకుల షెడ్డు ఉంటే అందులో పెట్టి ముందు వైపు ఇనుప జాలీ కట్టండి. లేకపోతే కట్టల మీద పాత టైర్లు పరచి, వాటి పైన చేపల వల బిగించి కట్టండి, వల ఫిల్మ్‌కు ఆనకూడదు. ఎలుకల కోసం చుట్టూ నాలుగు అడుగుల మేర గడ్డి చెక్కి శుభ్రంగా ఉంచండి. చింతచెట్టు నీడ చల్లగా ఉంటుందని దాని కింద పెట్టకండి, పక్షులూ కోతులూ ముందు అక్కడికే వస్తాయి.

9. మొదటి రెండు వారాలు రోజూ, తరువాత వారానికి ఒకసారి చూడండి. మొదటి రోజుల్లో ఫిల్మ్ కొద్దిగా ఉబ్బవచ్చు. అది లోపలి వాయువు, గుచ్చి వదలకండి, తానే తగ్గుతుంది. చిల్లు కనబడితే చుట్టూ తుడిచి, ఆరనిచ్చి, సైలేజ్ టేపు సాగదీయకుండా అతికించండి. అట్టపెట్టెల టేపు ఎండకు ఊడిపోతుంది.

బెల్లం, ఉప్పు, యూరియా కలపాలా?

సరైన తేమలో కట్టిన జొన్న, ఓట్స్ హేలేజ్‌కు ఏదీ కలపనవసరం లేదు. యూరియా అసలే వద్దు. అది ఎండిన వరిగడ్డిని మాగబెట్టే వేరే పద్ధతికి సంబంధించినది, హేలేజ్‌లో కలిపితే పుట్టే కొద్దిపాటి పులుపును కూడా చంపేస్తుంది.

విప్పినప్పుడు ఏం చూడాలి?

కనీసం 45 రోజులు ఆగి విప్పండి. ఫిల్మ్ కోయగానే తియ్యని పులుపు వాసన, లేత పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు ఉంటే మంచిది. మురిగిన వెన్న వాసన, జిగట ఉంటే గడ్డి ఆరకుండానే కట్టారు లేదా మట్టి కలిసింది. పొగాకు వాసన, ముదురు గోధుమ రంగు ఉంటే మరీ ఆరాక కట్టారు లేదా చుట్టడం ఆలస్యమైంది. ఒక్కచోటే బూజు ఉంటే అక్కడ చిల్లు పడింది, చుట్టూ పైపొరంతా బూజు ఉంటే పొరలు తక్కువయ్యాయి. కట్ట మీద చుట్టిన తేదీ, ఆనాటి తేమ మార్కర్‌తో రాసి ఉంచితే, తప్పు ఎక్కడ జరిగిందో మరుసటి ఏడుకు తెలుస్తుంది.

బూజు పట్టిన భాగంతో పాటు దాని చుట్టూ జానెడు గడ్డి తీసేయండి. నాలుగో వంతు కన్నా ఎక్కువ పాడైతే కట్ట మొత్తం వదులుకోండి. చూలు పశువులకు, గొర్రెలకు, మేకలకు అనుమానం ఉన్న గడ్డి ఒక్క పరక కూడా వేయకండి, చెడిన హేలేజ్ వల్ల ఈసుకుపోవడం (చూలు పోవడం), మెదడు జబ్బు రావడం జరగవచ్చు.

మేపడం

మొదటి రోజు 2-3 కిలోలతో మొదలుపెట్టి, వారం పది రోజుల్లో 10 కిలోలకు పెంచండి. పాలు పితికిన తరువాతే వేయండి, ముందు వేస్తే పాలకు వాసన పట్టవచ్చు. మూడు నెలల లోపు దూడలకు వద్దు. విప్పిన కట్టను వేసవిలో రెండు మూడు రోజుల్లో ముగించాలి, అందుకే రెండు మూడు బర్రెలున్న ఇంటికి చిన్న కట్టలే మేలు. కొత్త మేత మొదలుపెట్టాక పశువు మేత మానేసినా, నాలుక వేలాడేసినా, కాళ్లు తడబడినా ఆ కట్ట ఆపేసి వెంటనే 1962 నంబరుకు ఫోన్ చేసి పశువైద్య వాహనాన్ని పిలవండి.

బేలర్, ర్యాపర్ దొరకని చోట

గడ్డిని కొన్ని గంటలే వాడబెట్టి, 60-65 శాతం తేమ ఉండగా చాఫ్ కట్టర్‌తో అంగుళం ముక్కలుగా తరగండి. లోపల మందమైన ప్లాస్టిక్ సంచి, బయట యూరియా బస్తా లాంటి నేత సంచి ఉన్న సైలేజ్ సంచుల్లో అర అడుగు చొప్పున నింపుతూ, ప్రతి పొరనూ కాళ్లు కడుక్కొని గట్టిగా తొక్కండి. మూతి మెలితిప్పి, మడిచి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి, మూతి కిందికి వచ్చేలా తలకిందులుగా నిలబెట్టండి. ఇది పాతర గడ్డికే దగ్గర, కానీ నేపియర్ ఉన్నవారికి హేలేజ్ కన్నా ఇదే నమ్మకమైనది. ఏ గడ్డి రకం వేసుకోవాలో తేలకపోతే వరంగల్ దగ్గరి మామునూరు కృషి విజ్ఞాన కేంద్రంలో అడగవచ్చు.

విప్పిన ఫిల్మ్‌ను, వలను, పురికొస ముక్కలను అప్పటికప్పుడే ఒక బస్తాలో వేయండి. పాకలో పడి ఉంటే బర్రె గడ్డితో పాటు వాటినీ మింగుతుంది. తగలబెట్టకండి, ఆరబెట్టి పాత ప్లాస్టిక్ కొనేవారికి ఇవ్వండి. పాడైన గడ్డిని పశువులకు అందని పెంటలో వేసి, పైన మట్టి కప్పండి.